ఆఫీసు కంప్యూటర్లలో విండోస్, ఉబుంటు అప్‌డేట్‌లు పనివేళల్లో అడ్డు రాకుండా వాటంతటవే పడాలంటే ఎలా పెట్టాలి?

హిమాయత్‌నగర్_ఆఫీస్

ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు. విండోస్ 11 ప్రో మెషీన్లు 18 (వెర్షన్ సగం 23హెచ్2, సగం 24హెచ్2), విండోస్ 10 ప్రో పాత డెస్క్‌టాప్‌లు 4, ఫైల్ షేర్ కోసం ఉబుంటు 22.04 సర్వర్ ఒకటి. డొమైన్ (అన్ని మెషీన్లనూ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు) లేదు, అన్నీ వర్క్‌గ్రూప్‌లోనే, అంటే దేనికదే విడిగా ఉన్నాయి. నెట్ 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్ ఒకటే. ప్రతి డెస్క్ కింద 600 వీఏ యూపీఎస్ ఉంది. శనివారం మధ్యాహ్నం రెండు వరకే ఆఫీసు.

ఐదారు మెషీన్లలో ఎవరో "అప్‌డేట్ స్టాపర్" అనే ఉచిత టూల్ వేశారు. మిగతావి రిటర్నులు వేసే రోజుల్లోనే రీస్టార్ట్ అడుగుతున్నాయి. అప్‌డేట్‌లు ఆపడం నా ఉద్దేశం కాదు. సమయం మన చేతిలో ఉండాలి, పడ్డాయో లేదో తెలియాలి, నెట్ మొత్తం తినేయకూడదు. అనుభవం ఉన్నవాళ్లు దారి చెప్పండి.

నాచారం_అడ్మిన్

అన్నా, ముందుగాల ఆ స్టాపర్ తీసెయ్యుండ్రి. అట్లాంటి టూల్స్ విండోస్ అప్‌డేట్ సర్వీస్‌ను డిసేబుల్ చేసి, మళ్ల ఆన్ కాకుండ దాని పర్మిషన్లు గూడ మారుస్తయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ పర్మిషన్లు ఎనకకు రావు. అందుకే టూల్‌లనే "ఎనేబుల్" నొక్కి, రీస్టార్ట్ చేసి, అప్పుడు తియ్యాలె. డిఫెండర్ (విండోస్ యాంటీవైరస్) సిగ్నేచర్లు గూడ మామూలుగ అదే దారిల వస్తయి, అవి ఆగిపోతే ఇంకా డేంజర్. ఫైళ్లకు తాళమేసి పైసలడిగే వన్నాక్రై వైరస్ సంగతి తెలిసిందే గద. ప్యాచ్ 2017 మార్చి 14న వచ్చింది, అది మే 12న విరుచుకుపడ్డది. నడుమ రెండు నెలల టైమ్ ఉండె. వేసుకోనోళ్లే మునిగిండ్రు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు గూడ కొన్ని లాకైనయి.

ఇగ టైమ్‌టేబుల్. నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ రెండో మంగళవారం, అమెరికా పసిఫిక్ టైమ్‌ల పొద్దున 10కి ఇడుస్తరు. మనకు అదే మంగళవారం రాత్రి పదిన్నర. అమెరికాల చలికాలం గడియారం నడిచే నెలలల్ల పదకొండున్నర. అంటే మన మెషీన్లకు తగిలేది బుధవారం పొద్దున.

రెండో మంగళవారం ఎప్పుడొచ్చినా 8 నుంచి 14 నడుమనే పడతది. మీకు నెలవారీ జీఎస్టీ రిటర్నులల్ల జీఎస్టీఆర్-1 గడువు 11, జీఎస్టీఆర్-3బీ గడువు 20. గా మంగళవారం తర్వాతొచ్చే శనివారం లెక్కగట్టుండ్రి: 12 నుంచి 18 నడుమనే. 11 దాటుతది, 20 ఇంకా రాదు. ఏ నెలైనా ఇంతే. మీ ఇన్‌స్టాల్ రోజు గదే పెట్టుకోండి.

గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిచి కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, విండోస్ అప్‌డేట్ దాకా పోవాలె. పెట్టాల్సినవి గివి:

"సెలెక్ట్ వెన్ క్వాలిటీ అప్‌డేట్స్ ఆర్ రిసీవ్డ్" (నెలవారీ అప్‌డేట్ ఎన్ని రోజులు ఆగి తీసుకోవాల్నో చెప్పేది): 3 రోజులు. 30 దాకా పెట్టొచ్చు గని అక్కర లేదు. మంగళవారం రాత్రికి 3 కలిపితే శుక్రవారం రాత్రి అయితది, శనివారానికి రెడీ.

"కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్": ఆప్షన్ 4 (దానంతటదే దింపి, చెప్పిన టైమ్‌కు ఇన్‌స్టాల్ చేసేది). రోజు శనివారం, టైమ్ మధ్యాహ్నం 3. కింద వారాల టిక్కులుంటయి, అక్కడ "ఎవ్రీ వీక్" మీదనే ఉంచుండ్రి. రెండో వారం అని టిక్ పెడితే తప్పు, ఎందుకంటే ఒక్కో నెల ఆ శనివారం రెండోది అయితది, ఒక్కో నెల మూడోది అయితది. "ఆటోమేటిక్ మెయింటెనెన్స్‌లో ఇన్‌స్టాల్" అనే టిక్ వద్దు.

"ఆల్వేస్ ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ఎట్ ద షెడ్యూల్డ్ టైమ్": ఎనేబుల్, టైమర్ 15 నిమిషాలు. శానామంది ఆగమయ్యేది ఈడనే. "నో ఆటో-రీస్టార్ట్ విత్ లాగ్డ్ ఆన్ యూజర్స్" అనే ఇంకో పాలసీ గూడ ఎనేబుల్ చేసుంటే ఇది పని చెయ్యది. రెండోది నాట్ కాన్ఫిగర్డ్‌లనే ఉండాలె.

డెడ్‌లైన్ పాలసీ అని ఇంకోటి ఉంది, ఇన్ని రోజులల్ల అప్‌డేట్ పడాలె అని గడువు పెట్టేది. దాన్ని దీనితోటి కలపకుండ్రి. ఆఫీసుకు ఎప్పుడొస్తయో తెలియని ల్యాప్‌టాప్‌లకు షెడ్యూల్ బదులు అది పెట్టుండ్రి: క్వాలిటీకి 3 రోజులు, గ్రేస్ 2 రోజులు. ఒక్కో మెషీన్‌కు రెండిట్ల ఒక్కటే.

ఆడిట్_పద్దు

శనివారం లెక్క బాగుంది. ఒక్క చేర్పు. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే క్లయింట్లకు జీఎస్టీఆర్-1 గడువు 13. వాళ్లే నడుమ నెలల్లో ఐఎఫ్ఎఫ్ (ఆ నెల ఇన్‌వాయిస్‌లు ఐచ్ఛికంగా ఇచ్చే ఫారం) వేస్తే దానికీ 13. మంగళవారం 8వ తారీఖున పడిన నెలలో ఆ శనివారం 12 అవుతుంది, అంటే గడువుకు ముందు రోజు. ఆ ఒక్క నెలకు సెట్టింగ్స్‌లోకి వెళ్లి "పాజ్ 1 వీక్" నొక్కితే సరిపోతుంది. క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. పాజ్ మొత్తం 35 రోజుల వరకే, ఆ తర్వాత అప్‌డేట్ వేసుకున్నాకే మళ్లీ పాజ్ ఇస్తుంది.

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఇన్‌కమ్ ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుల ఒత్తిడి ఎక్కువ. అప్పుడు కూడా సెక్యూరిటీ అప్‌డేట్ ఆపొద్దని నా మాట. క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలన్నీ ఈ మెషీన్లలోనే ఉంటాయి.

ల్యాబ్_ఇన్‌చార్జి_ఘట్‌కేసర్

నాచారం అన్న చెప్పినదానికి ముందు మెట్టు ఒకటి ఉండాలి. రెండు మెషీన్లను పరీక్షకు విడిగా పెట్టండి, వాటికి క్వాలిటీ డిఫరల్ (ఆలస్యం రోజులు) 0, శనివారం షెడ్యూల్ వాటికి వద్దు. బుధవారం పొద్దున్నే వాటికి పడుతుంది, శనివారం లోపు మూడు పనిదినాలు దొరుకుతాయి. ఆ రెండు ఖాళీగా మూలన పడి ఉన్నవి కాకూడదు. ఒకదానికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి రోజూ సంతకం చేసేది కావాలి. రెండోది షేర్డ్ ప్రింటర్ వాడేది కావాలి. ఆఫీసుల్లో అప్‌డేట్ తర్వాత మొదట చెడేవి ఈ రెండే. వేర్వేరు మోడల్ మెషీన్లు అయితే ఇంకా మేలు.

ఒకేసారి అందరికీ పంపడం ఎంత ప్రమాదమో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క కంటెంట్ ఫైల్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో ఆగిపోయాయి. అది విండోస్ అప్‌డేట్ కాదు, కానీ మెట్లు లేకుండా పంపితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

పరీక్ష మెషీన్లలో తేడా కనిపిస్తే శుక్రవారం సాయంత్రంలోగా మిగతా వాటిలో పాజ్ నొక్కండి. నెల నాలుగో వారంలో "ప్రివ్యూ" అని ఐచ్ఛిక అప్‌డేట్ వస్తుంది, ఆఫీసుకు అది వద్దు. "గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్" అనే మీట కూడా ఆఫ్‌లో ఉండాలి.

హిమాయత్‌నగర్_ఆఫీస్

చాలా ఉపయోగం. డొమైన్ లేదు కాబట్టి ఈ పాలసీలు 18 మెషీన్లలో చేత్తో పెట్టాలా? శనివారం అందరూ వెళ్లేటప్పుడు మెయిన్ ఎంసీబీ దించేస్తారు, దానికేం చేయాలి? నెట్ సంగతి కూడా.

ల్యాబ్_ఇన్‌చార్జి_ఘట్‌కేసర్

చేత్తో అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ కంప్లయన్స్ టూల్‌కిట్‌లో ఎల్‌జీపీఓ అని చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, ఉచితం. ఒక మెషీన్‌లో పాలసీలు సరిగ్గా పెట్టి, స్లాష్ బీ స్విచ్‌తో ఒక ఫోల్డర్‌లోకి బ్యాకప్ తీయండి. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని మిగతా మెషీన్లలో స్లాష్ జీ స్విచ్‌తో దింపండి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లోనే నడపాలి. పరీక్ష మెషీన్లకు విడి బ్యాకప్, మిగతా వాటికి విడి బ్యాకప్. దింపాక సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో "కొన్ని సెట్టింగ్‌లు మీ సంస్థ చూసుకుంటోంది" అనే వరుస కనబడితే పాలసీ అందినట్టు.

నాచారం_అడ్మిన్

ఎంసీబీ సంగతి గట్టిగ చెప్తున్న. ఆ టైమ్‌కు కరెంటు లేకుంటే షెడ్యూల్ తప్పిపోతది, ఎంత మంచి పాలసీ పెట్టినా లాభం లేదు. శనివారం ఒక్కరోజు సాయంత్రం ఆరింటి దాకా పవర్ ఉంచేటట్టు వాచ్‌మన్‌కు చెప్పుండ్రి. స్టాఫ్ షట్‌డౌన్ చెయ్యకుండ సైన్ అవుట్ చేసి, మానిటర్ ఆపి పోవాలె. పవర్ ప్లాన్‌ల స్లీప్ "నెవర్" ఉండాలె. పడుకున్న మెషీన్ మూడింటికి లేస్తదని నమ్మకం పెట్టుకోకుండ్రి.

ఫాస్ట్ స్టార్టప్ గూడ ఆపుండ్రి. అది ఆన్‌ల ఉంటే రోజూ షట్‌డౌన్ చేసినా కెర్నెల్ (విండోస్‌ను నడిపే లోపలి భాగం) పూర్తిగ ఆగది, హైబర్నేట్ అయితది. టాస్క్ మేనేజర్ పర్ఫార్మెన్స్ పేజీల "అప్ టైమ్" 20 రోజులని కనబడితే కారణం గిదే. రీస్టార్ట్ కొడితేనే పూర్తి బూట్.

సీటీసీ_బెంచ్

హార్డ్‌వేర్ వైపు నుంచి నాలుగు మాటలు.

600 వీఏ యూపీఎస్ అంటే దాదాపు 360 వాట్లు. బ్యాటరీ రెండు మూడేళ్లు దాటితే కరెంటు పోయిన నిమిషంలోనే కూర్చుంటుంది. ఏప్రిల్, మే సాయంత్రాల గాలివానల్లో ఇది తరచూ జరిగే పని. మామూలు నెలవారీ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే విండోస్ చాలాసార్లు తానే వెనక్కి తిప్పుకుంటుంది, "అన్‌డూయింగ్ చేంజెస్" అని చూపిస్తుంది. అప్పుడు ఓపిక పట్టాలి. ఆ తెర ఉండగా పవర్ బటన్ నొక్కి పట్టుకోవద్దు, మెషీన్లు నిజంగా పాడయ్యేది అక్కడే.

బయోస్ (మెషీన్‌ను మొదట లేపే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ వేరే సంగతి. రాసే మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. బ్రాండెడ్ మెషీన్లకు బయోస్ కూడా విండోస్ అప్‌డేట్ ద్వారానే డ్రైవర్ రూపంలో వస్తుంది. అందుకే "డు నాట్ ఇంక్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్" ఎనేబుల్ చేయండి. బయోస్‌ను మూడు నాలుగు నెలలకోసారి, మంచి యూపీఎస్ మీద, దగ్గరుండి చేత్తో వేయండి. వేసే ముందు బిట్‌లాకర్‌ను (విండోస్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) సస్పెండ్ చేయండి. లేదంటే తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో ఎవరికీ తెలియని ఆఫీసులే ఎక్కువ. 24హెచ్2 కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, మనం అడగక్కర్లేదు. ఈ వారమే 18 మెషీన్ల కీలు కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి.

బయోస్‌లను పూర్తిగా వదిలేయకూడదు కూడా. బూట్ వేళ నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌కు వాడే 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. కొత్త 2023 సర్టిఫికెట్లు విండోస్ అప్‌డేట్‌తోనే వస్తాయి, కానీ పాత బయోస్ ఉన్న కొన్ని మోడళ్లకు ముందు తయారీదారు ఇచ్చిన బయోస్ వేయాల్సి ఉంటుంది. అప్‌డేట్‌లు ఆపేసిన మెషీన్లకు ఇవి అందవు.

నాచారం_అడ్మిన్

నెట్ సంగతి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీ. ఒక్కో మెషీన్ 1 జీబీ దింపుతదనుకుంటే 18 జీబీ, లైన్ మొత్తం వాడినా 24 నిమిషాలు. ఫీచర్ అప్‌డేట్ (విండోస్ వెర్షనే మారేది) వచ్చిన నెలల దీనికి నాలుగైదు రెట్లు. పనివేళల్ల గిది పడితే పోర్టల్ తెరుచుకోదు.

దీనికి సర్వర్ అక్కర లేదు. డెలివరీ ఆప్టిమైజేషన్ పాలసీల డౌన్‌లోడ్ మోడ్ 1 పెట్టుండ్రి. ఒక మెషీన్ దింపిన ముక్కలు మిగతావి లాన్‌ల పంచుకుంటయి. పరీక్ష మెషీన్లు బుధవారమే దింపుకుంటయి గనుక శనివారానికి ముక్కలు ఇంట్లనే దొరుకుతయి. ఆ రెండు ఆన్‌ల ఉండాలె గని.

పని చెయ్యకుంటే మూడు చూడాలె. ఒకటి, టీసీపీ పోర్ట్ 7680 ఏదన్న యాంటీవైరస్ ఫైర్‌వాల్ మూసిందా. రెండు, వైఫై రౌటర్‌ల ఏపీ ఐసొలేషన్ ఆన్ ఉందా. ఆన్ ఉంటే వైఫై మెషీన్లు ఒకదాన్నొకటి చూడవు. మూడు, ర్యామ్ 4 జీబీ కన్న తక్కువున్న, డిస్క్ 32 జీబీ కన్న చిన్నగున్న మెషీన్లు పంచుకునే పనిల పాలు తీసుకోవు. సెట్టింగ్స్‌ల యాక్టివిటీ మానిటర్ తెరిస్తే లోకల్ పీసీల నుంచి ఎంత శాతం వచ్చిందో కనబడతది. గా శాతం సున్నా ఉంటే మూడిట్ల ఏదో ఒకటి ఉన్నట్టే.

కొత్త_సభ్యుడు_ఉప్పల్

ఇంత చేసే బదులు, అప్‌డేట్‌లను తానే దింపి అన్ని మెషీన్లకూ పంచే డబ్ల్యూఎస్‌యూఎస్ సర్వర్ ఒకటి పెట్టుకోవచ్చు కదా సార్?

ల్యాబ్_ఇన్‌చార్జి_ఘట్‌కేసర్

18 మెషీన్లకు కొత్తగా పెట్టమని నేను చెప్పను. 2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని డెప్రికేటెడ్ అని ప్రకటించింది. పని చేస్తుంది, విండోస్ సర్వర్ 2025లో కూడా ఉంది, కానీ కొత్త సౌకర్యాలు రావు. విండోస్ సర్వర్ లైసెన్స్ ఖర్చు, నెలనెలా శుభ్రం చేసే పని అదనం.

కాలేజీ ల్యాబుల్లో వంద దాటిన మెషీన్లకు ఇప్పటికే ఉంటే మాత్రం సరిగ్గా నడుపుకోండి. ప్రతిచోటా కనిపించే జబ్బు ఒకటే: కన్సోల్ తెరవగానే "రీసెట్ సర్వర్ నోడ్" అని ఆగిపోవడం. ఐఐఎస్‌లో (విండోస్ వెబ్ సర్వర్) డబ్ల్యూసస్‌పూల్ అనే అప్లికేషన్ పూల్‌కు ప్రైవేట్ మెమరీ పరిమితి మొదట 18,43,200 కేబీ ఉంటుంది, అంటే 1.8 జీబీ దగ్గర. అది దాటగానే పూల్ రీసైకిల్ అవుతుంది, క్లయింట్లు మళ్లీ మొదటి నుంచి అడుగుతాయి, మళ్లీ దాటుతుంది. పరిమితిని 0 చేయండి, లేదా ర్యామ్‌ను బట్టి 4 నుంచి 8 జీబీ పెట్టండి. క్యూ లెంగ్త్ 1000 నుంచి 2000 చేయండి. డ్రైవర్ల వర్గాన్ని సింక్‌లో టిక్ చేయకండి, డేటాబేస్ ఉబ్బిపోతుంది. పాతబడిన, అంటే సూపర్‌సీడ్ అయిన అప్‌డేట్‌లను నెలకోసారి డిక్లైన్ చేసి క్లీనప్ విజార్డ్ నడపండి. క్లయింట్లు వచ్చేది 8530, హెచ్‌టీటీపీఎస్ అయితే 8531.

హిమాయత్‌నగర్_ఆఫీస్

సర్వర్ ఆలోచన మానేశాం. 23హెచ్2 మెషీన్లు, విండోస్ 10 మెషీన్లు ఏం చేయాలి?

సీటీసీ_బెంచ్

23హెచ్2 హోమ్, ప్రోలకు 2025 నవంబర్ 11తో సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆగిపోయాయి. ముందు అవే పైకి తేవాలి. "సెలెక్ట్ ద టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్" పాలసీలో ప్రొడక్ట్ విండోస్ 11, వెర్షన్ 25హెచ్2 అని రాయండి. 24హెచ్2 నుంచి 25హెచ్2 చిన్న ఎనేబుల్‌మెంట్ ప్యాకేజీ, ఒక్క రీస్టార్ట్‌తో అయిపోతుంది. 23హెచ్2 నుంచి అయితే పూర్తి అప్‌గ్రేడ్. సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉంచుకుని, రోజుకు మూడు నాలుగు చొప్పున చేయండి. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజులే గడువు. డిజమ్ కమాండ్‌తో దాన్ని 60 రోజులకు పెంచుకోవచ్చు, కానీ అప్‌గ్రేడ్ అయిన వెంటనే, ఆ 10 రోజుల్లోపే పెంచాలి. టార్గెట్ వెర్షన్ రాసి మర్చిపోకండి. సెక్యూరిటీ అప్‌డేట్‌లు 24హెచ్2 ప్రోకు 2026 అక్టోబర్ 13, 25హెచ్2 ప్రోకు 2027 అక్టోబర్ దాకే.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ నాలుగు మెషీన్లు "11కి పనికిరావు" అని చూపిస్తే అక్కడే వదిలేయకండి. ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ పైదైతే చాలాసార్లు బయోస్‌లో టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) ఆఫ్‌లో ఉండటమే కారణం. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది, ఎనేబుల్ చేయండి. డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో మార్చి, బయోస్‌ను లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి తిప్పండి. ముందు పూర్తి ఇమేజ్ బ్యాకప్ తప్పనిసరి.

ప్రాసెసరే పాతదైతే రెండు దారులు. ఈఎస్‌యూ, అంటే గడువు తీరాక డబ్బు కట్టి తీసుకునే సెక్యూరిటీ అప్‌డేట్‌లు, కొనొచ్చు. సంస్థలకు మొదటి ఏడాది మెషీన్‌కు 61 డాలర్లు, ఏటా రెట్టింపు, మూడేళ్ల వరకు. ఇళ్లకు ఇచ్చే ఉచిత, 30 డాలర్ల పథకం సొంత వాడకానికి ఉద్దేశించింది, ఆఫీసుకు దాని మీద ఆధారపడొద్దు. ఆరేళ్లు దాటిన డెస్క్‌టాప్‌కు మూడేళ్లు అలా కట్టే బదులు, ఆ డబ్బుతో పదో తరం రీఫర్బిష్డ్ మెషీన్ వైపు చూడటం మేలని నా అభిప్రాయం.

పెంగ్విన్_కొండాపూర్

ఉబుంటు సర్వర్ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

మొదట టైమ్‌డేట్‌సీటీఎల్ నడిపి టైమ్‌జోన్ చూడండి. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ టైమ్‌జోన్ అడగదు, యూటీసీలో వదిలేస్తుంది. నెట్‌లో దొరికే ప్రతి గైడ్ "రీబూట్ టైమ్ 02:00" అని రాస్తుంది. యూటీసీలో రెండు అంటే మనకు పొద్దున ఏడున్నర. పొద్దున్నే తెరిచే డయాగ్నొస్టిక్ సెంటర్ లాంటి చోట సర్వర్ సరిగ్గా పనివేళకే పడిపోతుంది. టైమ్‌జోన్‌ను ఆసియా/కోల్‌కతా చేశాకే మిగతా పని.

అప్‌డేట్‌లను దానంతటదే వేసే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ మామూలుగా ఉంటుంది. ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫోల్డర్‌లో 20తో మొదలయ్యే ఫైల్‌లో రెండు విలువలూ 1 ఉండాలి: ఒకటి జాబితా తాజా చేసుకోవడానికి, రెండోది ఇన్‌స్టాల్‌కు. 50తో మొదలయ్యే ఫైల్‌ను నేరుగా మార్చకండి. మారిస్తే ఆ ప్యాకేజీకే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు "మీ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా" అన్న ప్రశ్న దగ్గర చిక్కుకుంటుంది. 52తో మొదలయ్యే సొంత ఫైల్ పెట్టి మీ మార్పులన్నీ అందులో రాయండి. పేరు అక్షరక్రమంలో తర్వాత వస్తుంది కాబట్టి దాని మాటే నెగ్గుతుంది. ఆటోమేటిక్ రీబూట్ ట్రూ, రీబూట్ టైమ్ మీకు నప్పేది. సెక్యూరిటీ వర్గం మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, మామూలు అప్‌డేట్స్ వర్గం కామెంట్‌లో ఉంటుంది. ఫైల్ సర్వర్‌కు సెక్యూరిటీ ఒక్కటే చాలు.

ఇన్‌స్టాల్ జరిగేది ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్ టైమర్ ప్రకారం, పొద్దున 6 నుంచి 7 మధ్య. మార్చాలంటే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఓవర్‌రైడ్ రాయాలి. అందులో ముందు ఆన్‌క్యాలెండర్ అని విలువ లేకుండా ఒక వరుస, దాని కింద కొత్త టైమ్‌తో ఇంకో వరుస. ఖాళీ వరుస లేకపోతే పాత టైమ్, కొత్త టైమ్ రెండూ నడుస్తాయి.

మీ ఆఫీసులో రాత్రి ఎంసీబీ దించేస్తారంటే సర్వర్ దానిమీద ఉండకూడదు. ఇన్వర్టర్ లైన్ విడిగా లాగించండి. లేకపోతే ఈ టైమర్ తప్పిపోయిన పనిని పొద్దున ఆన్ చేయగానే మొదలుపెడుతుంది, అందరూ ఫైళ్లు తెరిచే వేళకు.

అంతా పెట్టాక అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్‌ను డ్రై-రన్, డీబగ్ స్విచ్‌లతో ఒకసారి నడిపి, ఏ ప్యాకేజీలు తీసుకోబోతోందో చూడండి.

ఎక్కువగా పాడయ్యేది బూట్ పార్టిషన్. విడి పార్టిషన్ చిన్నదైతే పాత కెర్నెళ్లు పేరుకుని నిండిపోతుంది, కొత్త కెర్నెల్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగుతుంది, అక్కడి నుంచి ఏ ప్యాకేజీ కదలదు. యూనేమ్ మైనస్ ఆర్‌తో నడుస్తున్న కెర్నెల్ చూసుకోండి. దాన్నీ, దాని ముందరిదాన్నీ ఉంచి మిగతావి తీసేయండి. తర్వాత డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ నడిపితే సగంలో ఆగినవి పూర్తవుతాయి. రీబూట్‌లు తగ్గించుకోవాలంటే ఉబుంటు ప్రో తీసుకోండి. 5 మెషీన్ల వరకు ఉచితం, లైవ్‌ప్యాచ్ (రీబూట్ లేకుండా కెర్నెల్‌ను సరిచేసేది) దానితోనే వస్తుంది.

ల్యాబ్_ఇన్‌చార్జి_ఘట్‌కేసర్

పెంగ్విన్ గారి సర్వర్‌కూ, పైన చెప్పిన 24హెచ్2కూ ముడి ఉన్న విషయం ఒకటుంది. 24హెచ్2 నుంచి ప్రోలో ఎస్‌ఎంబీ సైనింగ్ (ఫైల్ షేర్ సందేశాలకు డిజిటల్ సంతకం) తప్పనిసరి, గెస్ట్‌గా షేర్ తెరవడం కుదరదు. పాస్‌వర్డ్ లేని సాంబా (ఉబుంటు నుంచి విండోస్‌కు ఫైళ్లు పంచే ప్రోగ్రామ్) షేర్ ఉంటే 23హెచ్2 మెషీన్ పైకి వచ్చిన రోజే ఫోల్డర్ తెరుచుకోదు. "అప్‌డేట్ పాడు చేసింది" అని వెనక్కి తిప్పేస్తారు. రిజిస్ట్రీలో గెస్ట్‌ను మళ్లీ అనుమతించే చిట్కాలు వద్దు. సాంబాలో ఒక్కొక్కరికీ యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చి గెస్ట్ తీసేయండి. అప్‌గ్రేడ్‌కు వారం ముందే.

ప్రింటర్ కూడా అంతే. ఒక పీసీ నుంచి షేర్ చేసిన ప్రింటర్‌కు 11బీ ఎర్రర్ 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌ల నుంచి వస్తోంది. చాలామంది అప్‌డేట్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు, లేదా రిజిస్ట్రీలో ఆర్‌పీసీ రక్షణ ఆపేస్తారు. ప్రింటర్‌కు నెట్‌వర్క్ పోర్ట్ ఉంటే స్థిరమైన ఐపీ ఇచ్చి ప్రతి మెషీన్‌లో నేరుగా టీసీపీ/ఐపీ పోర్ట్‌తో వేయండి. సమస్య మూలం నుంచే పోతుంది.

హిమాయత్‌నగర్_ఆఫీస్

పడ్డాయో లేదో ఒకేచోట చూసే మార్గం? పవర్‌షెల్ మాడ్యూల్ ఒకటి ఉందంటున్నారు.

నాచారం_అడ్మిన్

పీఎస్ విండోస్ అప్‌డేట్ అనే మాడ్యూల్, పవర్‌షెల్ గ్యాలరీల దొరుకుతది. మైక్రోసాఫ్ట్‌ది కాదు గని శానా ఏండ్ల నుంచి వాడుతున్నరు. అదే మెషీన్‌ల కూసొని నడిపితే ఇబ్బంది లేదు. రిమోట్ సెషన్‌లకెళ్లి ఇన్‌స్టాల్ కమాండ్ కొడితే "యాక్సెస్ డినైడ్" వస్తది. అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పు కాదది. విండోస్ అప్‌డేట్ ఏపీఐనే రిమోట్ నుంచి ఇన్‌స్టాల్‌ను ఒప్పుకోదు. అందుకే మాడ్యూల్‌ల ఇన్వోక్ డబ్ల్యూయూజాబ్ అని ఉంటది, ఆ మెషీన్‌లనే సిస్టమ్ ఖాతా (విండోస్ సొంత ఖాతా) తోటి టాస్క్ పుట్టించి నడిపిస్తది. మీ పాలసీలు సరిగ్గ ఉంటే ఇన్‌స్టాల్‌కు ఇది అక్కర లేదు. శనివారం తప్పిపోయిన మెషీన్ కోసం చేతిల ఉంచుకోండి.

చూసుకునుడుకు చిన్న టాస్క్ చాలు. ప్రతి సోమవారం పొద్దున పదింటికి ప్రతి మెషీన్ మూడు విషయాలు షేర్‌లోని ఒక ఫైల్‌ల రాయాలె: మెషీన్ పేరు, చుక్క తర్వాతి అంకెలతోటి పూర్తి బిల్డ్ నంబర్, చివరి బూట్ టైమ్. బిల్డ్ 22631 అంటే 23హెచ్2, 26100 అంటే 24హెచ్2, 26200 అంటే 25హెచ్2. చుక్క తర్వాతి అంకెలు ఒకే వెర్షన్‌ల అందరివీ ఒక్కటుండాలె. ఎవరిదన్న ఎనకబడితే ఆ మెషీన్ దగ్గరికే పోవాలె. ఒక్కో మెషీన్‌కు విడి ఫైల్ పెట్టుండ్రి, అందరూ ఒక్కదాంట్ల రాస్తే లాక్ అయితది.

ఈడ గూడ ఓ మెలిక. వర్క్‌గ్రూప్‌ల సిస్టమ్ ఖాతాకు మీ సాంబా షేర్ దగ్గర పేరు, పాస్‌వర్డ్ ఏమీ ఉండవు, రాయలేదు. షేర్‌ల ఉన్న పేరు, పాస్‌వర్డ్ తోటే మెషీన్‌ల గూడ ఒక లోకల్ యూజర్ చేసి టాస్క్ ఆ ఖాతాతోటి నడపాలె. రాసే ఫోల్డర్ తప్ప ఇంకేం కనబడకుండ పర్మిషన్ ఇయ్యుండ్రి.

సీటీసీ_బెంచ్

ఎనకబడిన మెషీన్ దగ్గరికి వెళ్లాక ఏం చూడాలో కూడా చెబుతాను. అప్‌డేట్ హిస్టరీలో ఎర్రర్ చివరి అంకెలు చూడండి.

80070070 అంటే డిస్క్‌లో ఖాళీ లేదు. 80073712 అంటే కాంపోనెంట్ స్టోర్ (విండోస్ తన ఫైళ్లు దాచుకునే చోటు) చెడింది. ముందు డిజమ్ రీస్టోర్ హెల్త్, అది అయ్యాక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ నౌ. క్రమం ముఖ్యం, ఎస్‌ఎఫ్‌సీ సరిచేయడానికి ఫైళ్లు తీసుకునేది ఆ స్టోర్ నుంచే. 80070643 మీ విండోస్ 10 మెషీన్లలో 2024 జనవరి రికవరీ అప్‌డేట్ దగ్గర ఆగి ఉండొచ్చు. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం, పార్టిషన్ పెంచాలి.

డౌన్‌లోడ్ ఒకే శాతం దగ్గర నిలిచిపోతే విండోస్ అప్‌డేట్, బిట్స్, క్రిప్టోగ్రాఫిక్ సర్వీసులు మూడూ ఆపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, మళ్లీ సర్వీసులు మొదలుపెట్టండి. డిలీట్ చేయకుండా పేరు మార్చితే హిస్టరీ చేతిలో ఉంటుంది.

అప్‌డేట్ తర్వాత మెషీన్ అసలు బూట్ కాకపోతే, బూట్ విఫలమవుతూ రెండు మూడు సార్లు ఆగాక రికవరీ తెర దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో "లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్" ఎంచుకోండి. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెల కీ అడిగేది ఇక్కడే.

హిమాయత్‌నగర్_ఆఫీస్

పాలసీ బ్యాకప్ రెండు రకాలుగా తీసి పెట్టాను, కీలు ప్రింట్ అయ్యాయి. ఉబుంటులో డ్రై-రన్ బాగానే నడిచింది. కానీ చేత్తో ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టినప్పుడు కొన్ని ప్యాకేజీలు "కెప్ట్ బ్యాక్" అని వదిలేస్తోంది. బలవంతంగా వేయాలా?

పెంగ్విన్_కొండాపూర్

వద్దు. ఉబుంటు మామూలు అప్‌డేట్‌లను విడతలుగా వదులుతుంది. ముందు కొద్ది శాతం మెషీన్లకు ఇచ్చి, క్రాష్ రిపోర్టులు పెరగకపోతే మిగతా వాటికి పెంచుకుంటూ పోతుంది. మీ సర్వర్ వంతు ఇంకా రాలేదని దాని అర్థం. కొద్ది రోజుల్లో వంతు వచ్చాక, మళ్లీ ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టినప్పుడు పడుతుంది. ఆప్ట్ పాలసీ కమాండ్‌కు ఆ ప్యాకేజీ పేరిస్తే వెర్షన్ పక్కన "ఫేజ్డ్" అని శాతం చూపిస్తుంది. సెక్యూరిటీ వర్గానికి ఈ విడతలు లేవు, అవి వచ్చిన రోజే అందుతాయి.

రెండు వారాలు దాటినా అలాగే ఉండి, ఫేజ్డ్ అనే మాట కనబడకపోతే మాత్రం కారణం వేరు. అది కొత్త డిపెండెన్సీ అడుగుతుండాలి, లేదా ఎవరో ఆప్ట్-మార్క్ హోల్డ్ పెట్టి ఉండాలి. షో హోల్డ్ నడిపి ఆ జాబితా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.